ఐఎస్పీకి ఏ రౌటర్ కొనాలి: హార్డ్‌వేర్ రౌటరా, పీసీనా? తేల్చుకునే పద్ధతి

"మా ట్రాఫిక్ 10 గిగాబిట్లకు చేరుతోంది. పీసీ సరిపోతుందా, హార్డ్‌వేర్ రౌటర్ కొనాలా?" చిన్న ఐఎస్పీ (ఇంటర్నెట్ సేవ ఇచ్చే సంస్థ) నడిపేవారు ఎవరు కలిసినా నన్ను ముందుగా అడిగేది ఇదే. పీసీ అంటే ఇక్కడ రౌటింగ్ సాఫ్ట్‌వేర్ వేసిన మామూలు సర్వర్; హార్డ్‌వేర్ రౌటర్ అంటే ప్యాకెట్లు మోయడానికే చేసిన చిప్ ఉన్న పెట్టె. ఈ ప్రశ్నకు ఇలాగే జవాబు చెప్పడం కుదరదు. 10 గిగాబిట్లు అన్నది లింకు సామర్థ్యం. రౌటర్‌కు పని పెట్టేవి ప్యాకెట్లు, రూట్లు (ఏ చిరునామాకు ఏ దారి అనే నమోదులు), సెషన్లు. ఇవి లెక్క కట్టకుండా కొన్న పరికరం ఎంత ఖరీదైనదైనా ఏదో ఒక రాత్రి చేతులెత్తేస్తుంది.

మామూలు రోజున రెండూ బాగానే పనిచేస్తాయి. అందుకే పీసీ చాలనేవారి వాదన, హార్డ్‌వేర్ కావాలనేవారి వాదన రెండూ నిజమే అనిపిస్తాయి. మీ నెట్‌వర్క్‌కు అన్నిటికన్నా గడ్డు రోజు ఎలా ఉంటుందో ఊహించుకుని, ఆ రోజున నిలబడే దాన్ని ఎంచుకోవాలి. కింది అడుగులన్నీ ఆ ఒక్క పరీక్ష కోసమే.

మొదటి అడుగు: రౌటర్‌కు ఏ పని అప్పగిస్తున్నారో కాగితం మీద రాయండి

ఐఎస్పీలో "రౌటర్" అనే ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు పనులు దాగి ఉంటాయి. అప్‌స్ట్రీమ్ ప్రొవైడర్లతో (మనకు ఇంటర్నెట్ అమ్మే పెద్ద సంస్థలతో), నెట్‌వర్క్‌లు ఒకదానితో ఒకటి కలిసే ఇంటర్నెట్ ఎక్స్ఛేంజీతో బీజీపీ (నెట్‌వర్క్‌లు రూట్లు ఇచ్చిపుచ్చుకునే పద్ధతి) నడిపే బోర్డర్ రౌటర్ ఒకటి. చందాదారుల పీపీపీఓఈ సెషన్లను (యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో చేసే లాగిన్ కనెక్షన్లను) అందుకుని, ఖాతాల వివరాలుండే రేడియస్ సర్వర్‌ను అడిగి, ఒక్కొక్కరికి వారి ప్లాన్ ప్రకారం వేగాన్ని కట్టడి చేసే బీఎన్జీ రెండోది. పబ్లిక్ ఐపీవీ4 చిరునామాలు చాలనప్పుడు చందాదారులకు 100.64.0.0/10 నుంచి చిరునామాలు ఇచ్చి, వందల మందిని ఒక్కో పబ్లిక్ చిరునామా వెనక నిలబెట్టే సీజీ నాట్ మూడోది. ట్రాఫిక్ ఏమీ మోయకుండా మిగతా రౌటర్లకు రూట్లు పంచిపెట్టే రూట్ రిఫ్లెక్టర్ నాలుగోది.

మొదట్లో ఈ పనులన్నీ ఒకే పెట్టెలో ఉండటం సహజం. ఎంపిక దగ్గరికి వచ్చేసరికి మాత్రం విడదీసి ఆలోచించాలి. "మా ఐఎస్పీకి పీసీ కావాలా?" అని అడగవద్దు. "మా బీఎన్జీకి పీసీ సరిపోతుందా? మా బోర్డర్‌కు సరిపోతుందా?" అని విడివిడిగా అడగండి.

రూట్ రిఫ్లెక్టర్ సంగతి ఇక్కడే తేల్చేయవచ్చు. దానికి కావలసినవి మంచి ప్రాసెసర్, మెమరీ. రెండూ పీసీలో పుష్కలంగా ఉంటాయి. పెద్ద పెద్ద ఇంటర్నెట్ ఎక్స్ఛేంజీలలోనే రూట్ సర్వర్లుగా మామూలు సర్వర్ల మీద బర్డ్ అనే రౌటింగ్ సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. ఆ పనికి హార్డ్‌వేర్ రౌటర్ కొనడం వృథా.

రెండో అడుగు: బిట్లు పక్కన పెట్టి ప్యాకెట్లు లెక్కపెట్టండి

ఈ అడుగు దగ్గర తొందరపడకండి. ఎంపికలో జరిగే తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి.

ఈథర్నెట్‌లో అతి చిన్న ఫ్రేమ్ (తీగ మీద ప్యాకెట్ ప్రయాణించే రూపం) 64 బైట్లు. దాని ముందు వచ్చే ప్రియాంబుల్‌కు 8 బైట్లు, రెండు ఫ్రేముల మధ్య ఖాళీకి 12 బైట్లు కలిపితే తీగ మీద 84 బైట్ల చోటు పడుతుంది. అంటే 672 బిట్లు. 10 గిగాబిట్ల లింకు నిండా ఇలాంటివే వస్తే సెకనుకు ఒక కోటీ 48 లక్షల ప్యాకెట్లు. ఒక్కో ప్యాకెట్‌కు దక్కే సమయం 67 నానోసెకన్లు. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు అది దాదాపు 200 గడియార చక్రాలు. ఈలోగా ప్యాకెట్ చదవాలి, రూట్ వెతకాలి, టీటీఎల్ (ప్యాకెట్ ఇంకా ఎన్ని రౌటర్లు దాటవచ్చో చెప్పే అంకె) తగ్గించాలి, కొత్త మ్యాక్ చిరునామా రాయాలి, బయటికి పంపాలి. వెతికే రూట్ ప్రాసెసర్ క్యాష్‌లో లేక ప్రధాన మెమరీ దాకా ఒక్కసారి వెళ్లి రావలసి వస్తే ఆ 67 నానోసెకన్లూ దానికే ఖర్చయిపోవచ్చు.

అదే లింకులో 1,500 బైట్ల పెద్ద ప్యాకెట్లే వస్తే సెకనుకు 8 లక్షల 12 వేలు మాత్రమే. లింకు ఒకటే, వేగం ఒకటే, పనిలో మాత్రం 18 రెట్ల తేడా. "మా పీసీ 10 గిగాబిట్లు అవలీలగా మోస్తోంది" అని ఎవరైనా చెబితే, ఏ సైజు ప్యాకెట్లతో అని తప్పకుండా అడగండి. పెద్ద ఫైలు డౌన్‌లోడ్ చేసి కొలిచిన అంకె రౌటర్ బలాన్ని చెప్పదు.

నిజమైన ట్రాఫిక్ ఈ రెండింటి మధ్యలో ఉంటుంది. పరీక్షల్లో ఐమిక్స్ అనే మిశ్రమాన్ని వాడతారు. 12 ప్యాకెట్లలో ఏడు చిన్నవి, నాలుగు మధ్యస్థం, ఒకటి పెద్దది. దాంతో 10 గిగాబిట్ల లింకు నిండితే సెకనుకు 32 లక్షల పైచిలుకు ప్యాకెట్లు వస్తాయి. మీ సొంత అంకె తెలుసుకోవడం కష్టం కాదు. ఇప్పుడున్న రౌటర్ లేదా స్విచ్ నుంచి ఎస్ఎన్ఎంపీ (పరికరాల కౌంటర్లు చదివే పద్ధతి) తో రద్దీ వేళల్లో బైట్ల కౌంటర్, ప్యాకెట్ల కౌంటర్ రెండూ తీసుకోండి. 64 బిట్ల కౌంటర్లే వాడండి. 32 బిట్లవి గిగాబిట్ వేగంలో అర నిమిషానికి ఒకసారి నిండి మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి. బైట్లను ప్యాకెట్లతో భాగిస్తే సగటు సైజు వస్తుంది. రెండు దిశలూ విడిగా చూడండి. డౌన్‌లోడ్ వైపు పెద్ద ప్యాకెట్లు వస్తుంటే అప్‌లోడ్ వైపు వాటి అందుకోలు సందేశాలు, అంటే చిన్న చిన్న ఏసీకే ప్యాకెట్లు, వరదలా పోతుంటాయి. గ్రాఫ్‌లో అప్‌లోడ్ గీత కిందనే ఉందని దాన్ని తేలికగా తీసుకున్నవారు చాలామంది దెబ్బతిన్నారు.

వచ్చిన అంకెకు రెండేళ్ల ఎదుగుదల కలపండి. ఆ పైన గడ్డు రోజును కలపండి. మీ చందాదారుల్లో ఒకరి మీద చిన్న ప్యాకెట్లతో డీడాస్ దాడి (ఎన్నో చోట్ల నుంచి ఒకేసారి ట్రాఫిక్ ముంచెత్తడం) జరిగితే సగటు సైజు ఒక్కసారిగా 64 బైట్ల దగ్గరికి పడిపోతుంది. బిట్లలో చూస్తే లింకు సగం ఖాళీగానే కనిపిస్తుంది, రౌటర్ మాత్రం ఊపిరాడక చస్తుంది. మీరు కొనవలసింది ఆ అంకెకు సరిపోయే పరికరం.

మూడో అడుగు: పెట్టె లోపల ఏముందో తెలుసుకోండి

హార్డ్‌వేర్ రౌటర్‌లో రెండు భాగాలు ఉంటాయి. బీజీపీ, ఓఎస్పీఎఫ్ వంటి రౌటింగ్ పద్ధతులు నడుపుతూ రూట్లు లెక్కగట్టేది కంట్రోల్ ప్లేన్. ప్యాకెట్లను మోసేది డేటా ప్లేన్. కంట్రోల్ ప్లేన్ నిజానికి ఒక కంప్యూటరే. జునిపర్ వారి జూనోస్ ఫ్రీబీఎస్డీ పునాది మీద, సిస్కో వారి ఐఓఎస్ ఎక్స్ఈ లినక్స్ మీద కట్టినవి. తేడా అంతా డేటా ప్లేన్‌లో ఉంది. అక్కడ ఆ పని కోసమే చేసిన చిప్ ఉంటుంది. ప్యాకెట్ చిన్నదా పెద్దదా అన్న చింత దానికి దాదాపు ఉండదు. దాడి జరుగుతున్నా కంట్రోల్ ప్లేన్‌కు రక్షణ సరిగా పెట్టి ఉంటే బీజీపీ సెషన్లు పడిపోవు, మీరు లాగిన్ కాగలుగుతారు. పీసీలో ఈ రెండు పనులూ సాధారణంగా ఒకే ప్రాసెసర్ మీద పోటీ పడతాయి.

హార్డ్‌వేర్‌కూ ఒక గోడ ఉంది. చిప్‌లో రూట్ల పట్టికకు కేటాయించిన చోటు పరిమితం. 2014 ఆగస్టు 12న ప్రపంచ ఐపీవీ4 రూట్ల పట్టిక 5 లక్షల 12 వేలు దాటింది. అప్పటికి వాడుకలో ఉన్న కొన్ని పాత రౌటర్లలో టీక్యామ్ మెమరీలో (చిప్ రూట్లు వెతికే ప్రత్యేక మెమరీలో) ఐపీవీ4కు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన హద్దు దాదాపు అంతే. పట్టిక నిండిపోయి చాలాచోట్ల ఇంటర్నెట్ నత్తనడక నడిచింది. ఇవాళ ఆ పట్టిక దాదాపు 10 లక్షలకు చేరింది, ఐపీవీ6 రూట్లు 2 లక్షలు దాటాయి. పీసీకి ఈ గోడ లేదు. 16 జీబీ మెమరీలో నాలుగైదు ఫుల్ టేబుళ్లు (ప్రపంచ రూట్లన్నీ ఉన్న పూర్తి పట్టికలు) హాయిగా పడతాయి. హార్డ్‌వేర్‌కు గోడ రూట్ల సంఖ్యలో ఉంది, పీసీకి గోడ ప్యాకెట్ల సంఖ్యలో ఉంది. మీ నెట్‌వర్క్ ఏ గోడ వైపు పరుగెడుతోందో చూసుకుంటే సగం నిర్ణయం అయిపోయినట్టే.

ఇక్కడ ఒక హెచ్చరిక. రౌటర్ ఆకారంలో ఉన్న ప్రతి పెట్టెలోనూ ఫార్వార్డింగ్ చిప్ ఉండదు. మైక్రోటిక్ సీసీఆర్1036 చూడటానికి అచ్చమైన రౌటర్, లోపల మాత్రం 36 కోర్ల ప్రాసెసర్ సాఫ్ట్‌వేర్‌తోనే ప్యాకెట్లు మోస్తుంది. అదే సంస్థ సీసీఆర్2216లో స్విచ్ చిప్ ఉంది, కొంత రౌటింగ్‌ను ఆ చిప్‌కే అప్పగించవచ్చు. కొనేముందు ఆ మోడల్ బ్లాక్ డయాగ్రామ్ తెరిచి, పోర్టుల నుంచి గీతలు చిప్‌కు వెళ్తున్నాయా, నేరుగా ప్రాసెసర్‌కు వెళ్తున్నాయా చూడండి. ప్రాసెసర్‌కే వెళ్తుంటే దాన్ని పీసీ కిందే జమకట్టి కింది లెక్కలు వేయండి.

నాలుగో అడుగు: పీసీ అనుకుంటే ఇవి సరిచూసుకోండి

ఇందులో మెలకువలు చాలా ఉన్నాయి, అన్నిటికన్నా ముఖ్యమైనదాన్ని ఒక అనుభవంతో చెబుతాను. ఒక చిన్న నెట్‌వర్క్‌లో 16 కోర్ల సర్వర్‌ను బీఎన్జీగా పెట్టారు. పగలంతా బాగుండేది. రాత్రి తొమ్మిది దాటగానే చందాదారులందరికీ వీడియోలు ఆగిపోయేవి. మానిటరింగ్ తెరిస్తే ప్రాసెసర్ వాడకం 7 శాతం. అందరూ అప్‌స్ట్రీమ్ మీద అనుమానపడ్డారు. నేను కోర్ల వారీగా విడదీసి చూశాను. 15 కోర్లు దాదాపు ఖాళీ, ఒక్క కోర్ మాత్రం 100 శాతం. పదహారింటిలో ఒకటి పూర్తిగా నిండితే సగటు ఆరుంపావు శాతమే చూపిస్తుంది! ఆ గ్రాఫ్ అంతసేపూ మమ్మల్ని తప్పుదారి పట్టించింది. మరో కిటికీలో ఈథ్‌టూల్ (నెట్‌వర్క్ కార్డు కౌంటర్లు చూపే కమాండ్) గణాంకాలు పెడితే కార్డు దగ్గరే ప్యాకెట్లు వేలల్లో రాలిపోతున్నాయి.

కారణం ఇది. నెట్‌వర్క్ కార్డులు వచ్చే ప్యాకెట్లను ఐపీ చిరునామాలు, పోర్టుల ఆధారంగా వేర్వేరు క్యూలకు పంచి, ఒక్కో క్యూను ఒక్కో కోర్‌కు ఇస్తాయి. దీన్ని ఆర్ఎస్ఎస్ అంటారు. పీపీపీఓఈ ప్యాకెట్‌లో ఐపీ హెడర్ మరో పొర లోపల ఉంటుంది. చాలా కార్డులు ఆ పొర దాటి చూడలేవు. చూడలేనివన్నీ ఒకే క్యూలో పడేస్తాయి. ఆ రాత్రికి లినక్స్‌లో ఆర్పీఎస్ ఆన్ చేసి, సాఫ్ట్‌వేర్‌తోనే ప్యాకెట్లను మిగతా కోర్లకు పంచి గట్టెక్కాం. శాశ్వత పరిష్కారం పీపీపీఓఈని గుర్తుపట్టే కార్డు వేయడమే. ఇంటెల్ 700, 800 శ్రేణి కార్డులకు ఇందుకోసం డీడీపీ ప్యాకేజీలు (కార్డుకు కొత్త ప్యాకెట్ రకాలను గుర్తుపట్టడం నేర్పేవి) ఉన్నాయి. కాబట్టి కార్డు కొనకముందే అడగండి: మా ఎన్‌క్యాప్సులేషన్ (ప్యాకెట్‌కు చుట్టే పై పొర) మీద ఆర్ఎస్ఎస్ పనిచేస్తుందా? ప్రాసెసర్ మోడల్ కన్నా ఈ జవాబు ముఖ్యం.

మిగతావి త్వరగా చెబుతాను. కార్డు పెట్టే స్లాట్ వెడల్పు చూడండి. మూడో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ 8 లేన్ల స్లాట్‌కు ఒక్కో దిశలో గరిష్ఠంగా 63 గిగాబిట్లే. అందులో రెండు 40 గిగాబిట్ల పోర్టుల కార్డు పెడితే రెండూ నిండుగా నడవవు. రెండు ప్రాసెసర్ల సర్వర్ కన్నా ఎక్కువ గిగాహెర్ట్జ్ ఉన్న ఒకే ప్రాసెసర్ సర్వర్ మేలు. రెండున్నప్పుడు కార్డు ఒక ప్రాసెసర్‌కు, పనిచేసే కోర్ మరో ప్రాసెసర్‌కు చెంది ఉంటే ప్రతి ప్యాకెట్ మధ్యలో వంతెన దాటాలి. బయోస్‌లో విద్యుత్ పొదుపు ఆపేయండి. ఎల్ఆర్ఓ తప్పకుండా ఆపండి. చిన్న ప్యాకెట్లను కలిపి పెద్దవి చేసే ఆ సదుపాయం సర్వర్లకు మంచిది, రౌటింగ్‌ను పాడుచేస్తుంది. నాట్ (చిరునామాల మార్పిడి) లేని బోర్డర్ రౌటర్‌లో, ప్రతి కనెక్షన్‌నూ ఒక పట్టికలో గుర్తుపెట్టుకునే కనెక్షన్ ట్రాకింగ్ మాడ్యూల్ అసలు లోడ్ కాకుండా చూడండి. నాట్ ఉన్నచోట దాని పట్టిక పరిమాణం పెంచండి, కాలపరిమితి తగ్గించండి. లినక్స్‌లో కదలిక లేని టీసీపీ కనెక్షన్‌ను పట్టికలో ఉంచే గడువు ముందస్తు అమరికలో ఐదు రోజులు! వేలమంది చందాదారులుంటే అది పట్టికను నింపేస్తుంది. ప్రమాణాల ప్రకారం కనీసం 2 గంటల 4 నిమిషాలు ఉంచాలి కాబట్టి దానికి కాస్త పైన పెట్టుకోండి.

రూట్లు లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్ఆర్ఆర్, బర్డ్ రెండూ నమ్మదగినవి. అన్నీ కలిపి ఒకే కమాండ్ లైన్‌లో కావాలంటే వ్యోస్ ఉంది. పీపీపీఓఈకి యాక్సెల్ పీపీపీ చాలాకాలంగా వాడుకలో ఉంది. లినక్స్ కర్నెల్‌తో మామూలు రౌటింగ్‌కు ఒక్కో కోర్‌కు సెకనుకు 10 లక్షల ప్యాకెట్లు అని నేను ప్రణాళిక వేస్తాను. ఫైర్‌వాల్ నియమాలు, షేపింగ్ (వేగం కట్టడి) చేర్చేకొద్దీ అది తగ్గుతుంది. మీ అంకె అంతకు మించిపోతే కర్నెల్‌ను పక్కన పెట్టి, కార్డు నుంచి ప్యాకెట్లను నేరుగా తీసుకునే డీపీడీకే మీద నడిచే వీపీపీ వంటి సాఫ్ట్‌వేర్ చూడాలి. ప్యాకెట్లను ఒక్కొక్కటిగా కాక గుత్తులుగా, ఒక విడతకు 256 వరకు తీసుకుని పనిచేయడం దాని బలం. దాన్ని పెట్టాక కోర్లు ఎప్పుడూ 100 శాతమే చూపిస్తాయి. ప్యాకెట్ వచ్చిందా అని అవి నిరంతరం తొంగి చూస్తూనే ఉంటాయి మరి. పాత ప్రాసెసర్ గ్రాఫ్‌లు ఇక పనికిరావు, పడిపోయిన ప్యాకెట్ల కౌంటర్లే మీకు దిక్కు.

ఐదో అడుగు: హార్డ్‌వేర్ అనుకుంటే అమ్మేవారిని రాతపూర్వకంగా అడగండి

కరపత్రంలోని సామర్థ్యం తరచూ రెండు దిశలూ కలిపి రాసిన అంకె. దాన్ని సగం చేసి చదవండి. పట్టికలో 20 లక్షల రూట్లు పడతాయని రాసి ఉంటే ఐపీవీ4, ఐపీవీ6 రెండూ ఒకేసారి నింపినప్పుడు ఎన్ని పడతాయో అడగండి. తెలుసుకున్న రూట్లన్నీ ఉండే ఆర్ఐబీ పరిమితి వేరు, చిప్‌లోకి వెళ్లే ఎఫ్ఐబీ పరిమితి వేరు. మీకు కావలసింది రెండోది. నకిలీ సోర్స్ చిరునామాలను ఆపే యూఆర్పీఎఫ్ ఆన్ చేస్తే వేగంగానీ పట్టికగానీ తగ్గుతుందా? నాట్‌కు విడిగా సర్వీస్ కార్డు కొనాలా? ఏ పోర్టులు, ఏ ఫీచర్లు లైసెన్స్ వెనక ఉన్నాయి? సపోర్ట్ ఒప్పందం ముగిశాక సాఫ్ట్‌వేర్ సవరణలు దొరుకుతాయా? చెడిపోతే మారు పరికరం ఎన్ని గంటల్లో వస్తుంది?

ఫుల్ టేబుల్ ఉన్న ఒక అప్‌స్ట్రీమ్ తెగిపోతే రూట్లన్నీ రెండోదానికి మారడానికి ఎంతసేపు పడుతుందో కూడా అడగండి. చిప్ ఎంత గొప్పదైనా పాత మోడళ్లలో కంట్రోల్ ప్లేన్ ప్రాసెసర్ బలహీనంగా ఉంటుంది. లక్షల రూట్లను చిప్‌లోకి తిరగరాయడానికి అవి నిమిషాలు తీసుకుంటాయి. వాడిన సరుకు మార్కెట్‌లో చౌకగా కనిపించే పెద్ద రౌటర్లలో ఈ బలహీనత తరచూ కనిపిస్తుంది. పీసీ ఈ విషయంలో వాటికన్నా ఎంతో ముందుంది.

ఆరో అడుగు: కొనడానికి ముందు కొట్టి చూడండి

ట్రెక్స్ అనే ఉచిత ట్రాఫిక్ జనరేటర్‌ను మరో సర్వర్‌లో పెట్టి, పరీక్షించే రౌటర్‌కు రెండు కేబుళ్లు కలపండి. ముందు ఐమిక్స్, తర్వాత 64 బైట్ల ప్యాకెట్లు పంపండి. ప్యాకెట్లు రాలడం మొదలయ్యే అంకె రాసుకోండి. ఒకే చిరునామాకు పంపితే సరిపోదు. గమ్యం చిరునామాలు లక్షల రూట్ల మీద చెదిరి ఉండాలి. లేకపోతే అన్నీ క్యాష్‌లోనే దొరికి పీసీ ఉన్నదానికన్నా బలంగా కనిపిస్తుంది. ఫైర్‌వాల్, షేపింగ్, నాట్ ఏవి నిజంగా వాడతారో అవన్నీ ఆన్ చేసే కొలవండి. సగం లోడ్ నడుస్తుండగా ఒక బీజీపీ సెషన్ తెంపి, ఎన్ని సెకన్ల ట్రాఫిక్ పోయిందో చూడండి. ఒక పవర్ కేబుల్ పీకండి. చివరికి రౌటర్‌నే రీబూట్ చేసి, మొదటి ప్యాకెట్ దాటేవరకు గడియారం పట్టుకోండి. మీరు లెక్కగట్టిన గడ్డు రోజు అంకెను తట్టుకోకపోతే అక్కడితో ఆ పరికరాన్ని వదిలేయండి.

ఏడో అడుగు: మనుషులను లెక్కలోకి తీసుకుని తేల్చండి

పీసీ రౌటర్ చౌక అన్నది లినక్స్ బాగా తెలిసిన మనిషి మీ దగ్గర ఉన్నప్పుడే నిజం. ఆ మనిషి ఒక్కరే అయితే, వారు సెలవు పెట్టిన రోజే మీ గడ్డు రోజు. కనీసం ఇద్దరికి వచ్చి ఉండాలి. కాన్ఫిగరేషన్ అంతా గిట్‌లో (ప్రతి మార్పునూ నమోదు చేసే సాధనంలో) ఉండాలి. కర్నెల్, కార్డు ఫర్మ్‌వేర్ రెండూ ముందు పరీక్షా యంత్రంలో మార్చి చూశాకే అసలు యంత్రంలో మార్చాలి. ఇవి కుదరకపోతే హార్డ్‌వేర్‌కూ సపోర్ట్ ఒప్పందానికీ డబ్బు పెట్టండి, అది సరైన ఖర్చే.

నా లెక్క చెబుతాను. మొత్తం ట్రాఫిక్ 10 గిగాబిట్లలోపు ఉంటే, రెండు పీసీలను జంటగా పెట్టి నడపండి. ఒక హార్డ్‌వేర్ రౌటర్‌కు పెట్టే డబ్బుతో రెండు పీసీలు రావడమే ఇక్కడ అసలు లాభం. ఒకటి చచ్చినా మరొకటి ఉంటుంది. 10 నుంచి 40 గిగాబిట్ల మధ్య వీపీపీతో పీసీ మోయగలదు, కానీ మనుషుల షరతు గట్టిగా పాటించాలి. బోర్డర్ దగ్గర 100 గిగాబిట్ల పోర్టులు మొదలైతే నేను మరో ఆలోచన లేకుండా చిప్ ఉన్న రౌటర్ కొంటాను. దాడి వచ్చినప్పుడు ముందు నిలబడేది ఆ బోర్డరే. బీఎన్జీ, సీజీ నాట్‌లకు ఆ దశలో కూడా పీసీలే వాడవచ్చు. చందాదారులు పెరిగితే మరో సర్వర్ చేర్చి కొందరిని దానికి మార్చితే చాలు. బోర్డర్‌ను అలా ముక్కలు చేయడం అంత సులువు కాదు.

ఎనిమిదో అడుగు: మార్పిడి

పాత రౌటర్‌ను తీసి కొత్తది పెట్టకండి. పక్కన పెట్టండి. కొత్తదానికి బీజీపీ సెషన్లు ఎత్తి, లోకల్ ప్రిఫరెన్స్ (ఆ దారికి ఇచ్చే ప్రాధాన్యం) తక్కువగా ఉంచి, రూట్ల సంఖ్య రెండింటిలో సమానంగా ఉందో చూసుకోండి. తర్వాత ఒక అప్‌స్ట్రీమ్‌ను, అదీ రద్దీ తగ్గే తెల్లవారుజామున, కొత్తదాని వైపు మళ్లించండి. ఒక వారం రాత్రి రద్దీ వేళల్లో కోర్ల వారీ వాడకం, రాలిన ప్యాకెట్ల కౌంటర్లు రోజూ రాసుకోండి. అంకెలు పరీక్షలో వచ్చినవాటితో సరిపోలితే రెండో అప్‌స్ట్రీమ్‌ను మార్చండి. పాత రౌటర్ మాత్రం ఒక నెలపాటు కరెంటులోనే, కేబుళ్లతోనే, సెషన్లు ఆపిన స్థితిలో ఉండనివ్వండి. వెనక్కి వెళ్లే కమాండ్లను ముందే రాసి ర్యాక్ తలుపు లోపలివైపు అంటించి పెట్టండి.